కాన్సాసు తీర్పును మెచ్చిన మనము

(రాజమహేంద్రవరమున జరిగిన వార్షిక మహాసభ రెండవనాటి యుపన్యాసము)



ఈ వేదికపై మాటలాడువారు సామాన్యముగా మన విద్యార్థి వసతిగృహమును గూర్చియో, వేతన నిధిని గూర్చియో, కల్యాణమండపమునకు భూరివిరాళము లొసగిన దాతలను గూర్చియో ప్రసంగింతురు. అవి వినుటకు నింపైనవి, చెప్పుటకును సులభమైనవి. కార్యదర్శిగారు నన్నును అట్టి విషయమునే యెన్నుకొమ్మని మృదువుగా సూచించిరి. నేను నలువది యేండ్లు న్యాయవాదిగా కాలము గడపినవాడను. తీర్పులు చదువుట తప్ప మఱియొక విద్య నెఱుగను. కావున ఒక తీర్పును గూర్చియు, దానిని మనవారు విన్న తీరును గూర్చియు చెప్పుటకు సెలవడిగితిని. వారు కాదనలేక యొప్పుకొనిరి. విన్న పిమ్మట వారేమందురో చూడవలసి యున్నది.

ఆ తీర్పు మన దేశమున జరిగినది కాదు. 2017 ఫిబ్రవరి 22వ తేదీ సాయంకాలము, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కాన్సాసు రాష్ట్రమున, ఒలేతా యను పట్టణములో, కూచిభొట్ల శ్రీనివాసు, మాదసాని అలోక్ అను నిరువురు తెలుగు ఇంజనీర్లు పని ముగించుకొని ఆస్టిన్స్ అను పానశాలలో కూర్చుండి యుండిరి. ఇరువురును గార్మిన్ కంపెనీలో నుద్యోగులు. శ్రీనివాసునకు 32 ఏండ్లు. ఆడం ప్యూరింటన్ అను 51 ఏండ్ల తెల్లవాడు, పూర్వము నౌకాదళమున పనిచేసినవాడు, వారి బల్లయొద్దకు వచ్చి మీ రేదేశమువారు, ఏ యనుమతిపై నిచట నున్నారు అని నిలదీసి దుర్భాషలాడెను. అచటివారు వానిని వెలుపలికి బంపివేసిరి. వాడు తుపాకితో మరలి వచ్చి, మా దేశమునుండి పొండని యఱచుచు కాల్చెను. శ్రీనివాసు మరణించెను. అలోక్ గాయపడెను. ఇయాన్ గ్రిల్లాట్ అను 24 ఏండ్ల తెల్ల యువకుడు బల్లక్రింద దాగి గుండ్లు లెక్కించి, తుపాకి వట్టిపోయినదని తలచి హంతకుని వెంబడించెను. లెక్క తప్పినది. గుండు వాని చేతిని, ఱొమ్మును దూసికొనిపోయెను. దైవవశమున బ్రదికెను.

హంతకుడు ప్రక్క రాష్ట్రమైన మిస్సోరీలో క్లింటన్ అను నూరికి పాఱిపోయి, ఒక భోజనశాలలో పనిచేయువారితో తాను ఇద్దఱు ఇరానీయులను జంపితినని చెప్పుకొనెను. అక్కడనే పట్టుపడెను. చంపబడిన దెవ్వరో చంపినవానికి తెలియదు! హైదరాబాదునుండి వచ్చిన వానిని ఇరానీయు డనుకొని కాల్చెను. ఆ గుండు గోత్ర మడుగలేదు, శాఖ యడుగలేదు, సర్కారు జిల్లాలవాడా సీడెడువాడా యని విచారింపలేదు.

మనము మాత్రము విచారించితిమి. ఈ మాట చెప్పుటకు నాకు సిగ్గుగా నున్నది కాని చెప్పక తప్పదు. ఆ వార్త వచ్చిన యుదయమున నేను కోటగుమ్మమువద్ద కాఫీ త్రాగుచుంటిని. పత్రిక చదువుచున్న మిత్రుడొకడు ఆ యింటిపేరు పైకి జదివి, ఒక్క క్షణమాగి, "మనోళ్లు కాదండి" అనెను. దుర్మార్గుడు కాడు. వాని కుమారుడును అమెరికాలోనే యున్నాడు. అరగంటలో కుమారునకు ఫోనుచేసి, రాత్రులందు వెలుపలికి పోవలదని కన్నీళ్లతో చెప్పినవాడు వాడే. అయినను ముందు నోటివెంట వచ్చినది ఆ మాట. ఇంటిపేరును బట్టి కులమును తూచు నలవాటు మనకు ఊపిరి దీయునంత సహజమైపోయినది.

మన గోదావరి మండలములలో అమెరికాలో బిడ్డలు లేని వీధి యరుదు. కావున ఆ దినములందు మన యిండ్లలో కలిగిన భయము నిజమైన భయము. బహిరంగ స్థలములందు తెలుగున మాటలాడ వలదని అమెరికాలోని తెలుగు సంఘమొకటి హితవు చెప్పెను. ఫిబ్రవరి 28వ తేదీన శ్రీనివాసు దేహమునకు హైదరాబాదులో నగ్నిసంస్కారము జరిగెను. వాని భార్య దుమాల సునయన, భర్త మరణించిన రెండవ దినముననే, ఆ కంపెనీ కార్యాలయమున పత్రికలవారి యెదుట నిలిచి, మావంటివారము ఈ దేశమునకు జెందినవారమా కామా యని యడిగెను. ఆ ప్రశ్న ఇచటను అచటను అందఱి మనస్సులను కదలించినది. కాన్సాసు గవర్నరు మార్చి 16వ తేదీని భారతీయ అమెరికనుల గౌరవదినముగా ప్రకటించిరి. హ్యూస్టను నగరమందలి భారతీయులు లక్ష డాలర్లు ప్రోగుచేసి, ఇల్లు కొనుక్కొమ్మని ఇయాన్‌కు సమర్పించిరి. ఒలేతాలో తెల్లవారును నల్లవారును మనవారును గలసి శ్రీనివాసుని సంస్మరణమునకై నడచిరి. హంతకుడు మావాడే గదా యని వాని పక్షమున నెవ్వరును ఊరేగింపు దీసినట్లు నేను జదువలేదు.

2018 మార్చి 6వ తేదీన ప్యూరింటన్ నేరము నొప్పుకొనెను. మే 4వ తేదీన జాన్సన్ కౌంటీ న్యాయస్థానము వానికి యావజ్జీవ కారాగారము విధించెను. 50 సంవత్సరములు గడచినగాని విడుదల విన్నపమునకైనను అర్హత లేదు. అంతటితో ముగియలేదు. కేంద్రప్రభుత్వము జాతిద్వేషపు నేరముల చట్టము క్రింద వేఱుగా నభియోగము దెచ్చెను. ఆగస్టు 7వ తేదీన ఒకదాని పిమ్మట నొకటిగా మూడు యావజ్జీవ శిక్షలు పడెను. ఈ శిక్ష నా శ్రీనును తిరిగి తీసికొనిరాదు గాని, ద్వేషము సహింపరానిదని లోకమునకు చాటునని సునయన చెప్పెను. మన యూళ్లలో ఉరిదీయలేదే యని కినిసినవారును గలరు. మొత్తముమీద ఆనందమే. అమెరికాలో న్యాయము బ్రదికియున్నదని నాటి సంభాషణలన్నింటను వినవచ్చిన మాట.

బ్రదికియుండుట నిజమే కాని, పుట్టుట యెట్లో కొంచెము చెప్పవలయును. ప్యూరింటన్‌కు శిక్ష విధించిన 2009వ సంవత్సరపు చట్టమునకు రెండు పేళ్లు గలవు. అందొకటి జేమ్స్ బైర్డ్ అను నల్లవానిది. 1998 జూనులో టెక్సాసు రాష్ట్రమందలి జాస్పరను నూర ముగ్గురు తెల్లవారు వానిని బండికి గొలుసుతో గట్టి, ప్రాణము పోవువఱకు రోడ్డుపై నీడ్చిరి. హంతకులలో నిద్దఱికి మరణశిక్ష, మూడవవానికి యావజ్జీవము పడెను. అందొకనిని 2011లో చంపుటకు ముందు, వలదని బైర్డు కుమారుడు రాస్ పలికెను. తన తండ్రిని చంపినవానికి ప్రాణదానము చేయుమని కోరుటకు వాని కధికారము గలదు. ఈ సంగతిని మరల నెత్తుకొందును, కొంచెము జ్ఞాపకముంచుకొనుడు.

అంతకు వెనుకటి కథ వేఱు. 1955 ఆగస్టులో మిస్సిసిపీ రాష్ట్రమున ఎమ్మెట్ టిల్ అను 14 ఏండ్ల నల్ల బాలుని, తెల్ల స్త్రీతో చనవుగా ప్రవర్తించెనను నెపమున ఎత్తుకొనిపోయి చంపిరి. పండ్రెండుగురు తెల్లవారే జూరీ. ఒక గంటకు కొంచెము పైగా చర్చించి నిర్దోషులనిరి. మఱుసటి యేట ఆ హంతకులే ఒక పత్రికకు సొమ్ము పుచ్చుకొని, మేమే చంపితిమని చెప్పుకొనిరి. ఇది ప్రసిద్ధము. అంత ప్రసిద్ధముగానిది మఱియొకటి గలదు. విచారణ కాలమున ఆ ప్రాంతపు దుకాణములలో జాడీలు పెట్టి, మన పిల్లలకు సహాయము చేయుడని తెల్లవారు చందాలు పోగుచేసిరి. ఆ యూరి న్యాయవాదు లందఱును ముద్దాయిల పక్షముననే వకాల్తా పుచ్చుకొనిరి. జాడీలో డబ్బువేసిన వారిలో ఎక్కువమంది ఎవ్వరికిని ఏ హానియు జేయనివారే యై యుందురు. ఆదివారము ప్రార్థనకు బోవువారు, బిడ్డలను గన్నవారు.

ప్రార్థన యనగా జ్ఞాపకము వచ్చినది. ఆగ్రాలో ఫుల్లరను నొక ఆంగ్ల న్యాయవాది యుండెడివాడు. 1875లో ఒక ఆదివారమున చర్చికి బోవుటకు బండి సిద్ధము కాలేదని కట్వారూ యను తన గుఱ్ఱపువానిని కొట్టెను. వాడు ప్రక్క దొడ్డిలోనికి బోయి పడి మరణించెను. మేజిస్ట్రేటు విధించిన శిక్ష 30 రూపాయల జుల్మానా! వైస్రాయి లిట్టను ప్రభువు మఱుసటి యేట ఆ శిక్షను నిందించుచు ఒక మినిటు వ్రాసెను. అపుడు ఈ దేశమందలి ఆంగ్లేయుల పత్రికలు గగ్గోలు పెట్టినది కట్వారూను గూర్చి కాదు. సొంత జాతివానిని నేటివు నిమిత్తము చిన్నబుచ్చిన వైస్రాయిని గూర్చి. లిట్టను నేను మెచ్చువాడను కాను, మహాక్షామకాలమున వాడు చేసినది మన మద్రాసు రాజధాని మఱువదు. అయినను ఆ యొక్క పర్యాయము తన వారి యెదుట నొంటరిగా నిలిచెను.

మన గోదావరివారు సముద్రము దాటిపోయి దెబ్బలు తినుట 2017తో ఆరంభము కాలేదు. కోరంగి రేవునుండి ఓడలెక్కి రంగూను పోయిన మన కూలివాండ్రను బర్మావారు కోరంగీలనియే పిలిచిరి. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మెచేయగా, ఓడల కంపెనీలు వారి స్థానమున బర్మావారిని చేర్చుకొనిరి. సమ్మె తీఱగానే బర్మావారిని పొమ్మనిరి. ఆ కసి యంతయు కోరంగీలమీద బడినది. నూఱుమందికి పైగా చచ్చిరి. ఓడల యజమానులకు దెబ్బ తగులలేదు. ఆ చచ్చినవారిలో పేటలవారు, పల్లెకారులు, చిన్నకారు రైతులు, కులమున కింద మీద యనక అందఱును గలరు. కత్తి పట్టినవానికి వారందఱును కోరంగీలే.

ఇక నింటికి వత్తము.

కాన్సాసు తీర్పు వచ్చిన సంవత్సరముననే, సెప్టెంబరు 14వ తేదీన, మిర్యాలగూడలో పెరుమాళ్ల ప్రణయ్ అను దళిత యువకుని, గర్భిణియైన భార్యను ఆసుపత్రికి తీసికొనివచ్చి మరలుచుండగా, ఆమె కన్నులయెదుట నఱికి చంపిరి. ఆమె తండ్రియే కిరాయి యిచ్చి చేయించెనని పోలీసువా రభియోగము తెచ్చిరి. ఆయన విచారణ ముగియకముందే 2020 మార్చిలో ఆత్మహత్య చేసికొనెను. 2025 మార్చి 10వ తేదీన నల్లగొండ న్యాయస్థానము ఒకనికి మరణశిక్షయు, ఆఱుగురికి యావజ్జీవమును విధించెను. ప్రణయ్ కొఱకు కొవ్వొత్తులు వెలిగించినవా రెందఱో కలరు. అయితే 2018లో ఆ తండ్రి పక్షమునను ఊరేగింపులు సాగినవి. కన్నతండ్రి కడుపుకోత యనిరి. పెంచిన ప్రేమ యనిరి. కడుపుకోత ప్రణయ్ తల్లిదండ్రులకు గదా! ఆ మాటను వారినుండి తీసికొని మఱియొకరి కిచ్చిరి.

అంతకు ముందు కారంచేడు. 1985 జులై 17వ తేదీ. మంచినీటి చెఱువులో పశువుల కుడితి కడుగవలదన్న తగవు ఆఱుగురు దళితుల ప్రాణములు తీసినది. సుప్రీంకోర్టు తుదితీర్పు 2008 డిసెంబరులో వచ్చెను. చుండూరు. 1991 ఆగస్టు 6వ తేదీ. సినిమాహాలులో కాలు తగిలినదన్న తగవుతో మొదలై, ఎనమండుగురిని చంపి, దేహములను గోనెసంచులలో మూటగట్టి కాలువలో ద్రోసిరి. ఆ గ్రామముననే ప్రత్యేక న్యాయస్థానము నెలకొల్పి విచారించిరి. 2007 జులై 31వ తేదీన 21 మందికి యావజ్జీవము, 35 మందికి ఒక్కొక యేడు శిక్ష పడెను. 2014 ఏప్రిలు 22వ తేదీన హైకోర్టు అందఱిని విడిచిపెట్టెను. నాడు ఒక ప్రక్క బాణసంచా వంటి సంతోషము, మఱియొక ప్రక్క శ్మశానమునందలి నిశ్శబ్దము. మన మండలమున, రామచంద్రపురము చెంతనున్న వెంకటాయపాలెములో 1996 డిసెంబరు 29వ తేదీన దళిత యువకులను గొట్టి, ఇద్దఱికి తలయు కనుబొమలును గొఱిగించిరి. అది హత్య కాదు, నిజమే. 18 మాసముల శిక్ష విధించుచు విశాఖపట్టణమున తీర్పు వచ్చినది 2024 ఏప్రిలు 16వ తేదీన. ఇరువది యేడేండ్లలో ఆ యువకుల తల నెఱసినది.

జాతి వేఱు, కులము వేఱు, అమెరికాతో మనకు పోలిక యేమని మన విద్యావంతు లడుగుదురు. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బను నగరమున ఐక్యరాజ్యసమితి సభ జరిగినప్పుడు మన ప్రభుత్వమును అదియే వాదించెను. కులము జాతిభేదము కాదని డాక్టరు అంబేద్కరుగారే చెప్పిరి. నేను కాదనను. శరీరవర్ణమును బట్టి మా కులము నెవ్వరును గుర్తింపలేరు, గుర్తించుటకు మేము ఇంటిపేరును, వీధిని, తాతపేరును వాడుకొందుము. న్యాయవాదిగా నాకు గావలసిన పోలిక యొక్కటే. ఉభయదేశముల చట్టములును హంతకుని ఒకే ప్రశ్న నడుగుచున్నవి: వీడు ఎవ్వడైనందున చంపితివి? మన 1989 చట్టమున మూడవ సెక్షను పూర్వము, దళితుడైన 'కారణమున' నేరము జరిగినదని ఋజువు చేయుమనెడిది. ఆ యొక్క పదము పట్టుకొని ఎన్నో కేసులను నావంటి వారము పడగొట్టితిమి. హృదయములోని కారణమును సాక్షి యెట్లు చూచును? 2016 జనవరి 26 నుండి అమలైన సవరణచే, దళితుడని 'తెలిసి' చేసిన చాలునని మార్చిరి. పల్లెటూర ఎవ్వడు ఎవ్వడో తెలియనివాడు లేడు గదా.

ఇపుడు నా సంగతి.

2018 మే నెలలో మన జిల్లాశాఖ సమావేశమైనది. ఆ నాటి మినిట్సు పుస్తకమును మొన్న మరల తెఱచి చూచితిని. నాల్గవ తీర్మానము: కాన్సాసు న్యాయస్థానపు తీర్పును ఈ సభ హర్షించుచున్నది, విదేశములందలి తెలుగు బిడ్డలకు రక్షణ కోరుచున్నది. ప్రతిపాదించినవాడను నేనే. అయిదవ తీర్మానము: శిక్షపడిన మన సోదరుల అప్పీలు ఖర్చులకై నిధి. దానిని బలపఱచినవాడనును నేనే. రెండింటి నడుమ కాఫీ యిచ్చిరి. అపుడు నా కేమియు తోచలేదు.

ఆ సోదరుల కేసును మీలో చాలమంది యెఱుగుదురు. గ్రామము పేరు చెప్పను. దాళ్వా దినములలో బోదెనీటి తగవు. పేటలోని పడుచువాడొకడు, డిగ్రీ చదివినవాడు, తండ్రి కౌలుచేయు చేనికి నీరు మలపుటకు వచ్చి, మనవారి గట్టుపై నిలిచి, వంతు మాదండి యనెను. ఆ రాత్రి పుంతలో నలుగురు వానిని గొట్టిరి. మూడవనాడు ఆసుపత్రిలో మరణించెను. విచారణలో ఇద్దఱు విడుదలైరి, ఇద్దఱికి యావజ్జీవము పడినది. వారమునకే మనవారు ఒకరింట చేరిరి. "ఆవేశంలో జరిగిపోయిందండి, కుర్రోళ్ల బతుకులు పాడైపోతాయండి" అని పెద్దలనిరి. నేను అయిదువేల రూపాయలు వ్రాసితిని. అప్పీలు నిలువలేదు. పిదప శిక్ష తగ్గింపునకై ప్రభుత్వమునకు విన్నపము వ్రాయించిరి. ప్లీడరుగారి సంతకము పైనున్న మిగిలినవారు పెట్టుదురని మొదటి పంక్తిలో నాచేతనే పెట్టించిరి. నన్ను జూచి నూటికి పైగా పెట్టిరి.

నేను ఆ తీర్పు చదివితినా? చదువలేదు. తీర్పులు చదువుట తప్ప వేఱు విద్య యెఱుగనివాడ నని మొదట చెప్పుకొంటినే, ఆ నేను చదువలేదు. మనవారని సంతకము చేసితిని.

కొంతకాలమునకు ఒక వృద్ధుడు మా యింటికి వచ్చెను. మా తండ్రిగారి కాలమున మా కమతమున పాలేరుగా నుండినవాడు. అమావాస్యకు మా అమ్మ వానికి అరిసెలు కట్టి పంపుట నాకు జ్ఞాపకము. ఏదో ధ్రువపత్రముపై నోటరీ ముద్ర కావలసి వచ్చెను. ముద్రవేసి సంతకము చేసి యిచ్చితిని. కాగితము చేతబట్టుకొని, క్రిందనున్న నా సంతకమును చాలసేపు చూచెను. పిదప, "ఈ సంతకం నాకు తెలుసండి బాబుగారు. టేషన్లో ఎస్సైగారు చూపించారండి, మీకేవన్నా అబ్యంతరవా అని అడగడానికి పిలిచారండి. అన్నిటికన్నా పైన ఉన్నది తమదేనండి" అనెను.

చచ్చిన పడుచువాడు వాని కుమారుడు. ఆ సంగతియు నాకు తెలియును. తెలిసియుండియు, సంతకము చేయునపుడు జ్ఞాపకము రాలేదు. లేక రానీయలేదు. కూర్చుండుమంటిని. కూర్చుండలేదు. వాని కంఠమున కోపము లేదు, అదియే నాకు భరింపరాకుండెను. ముద్రకు డబ్బు వలదంటిని. బల్లమీద పెట్టి, సెలవండి యని వెడలిపోయెను.

ఆ మఱునాడు తీర్పుప్రతికి దరఖాస్తు పెట్టితిని. 41 పుటలు. వైద్యుని వాఙ్మూలమున గాయముల సంఖ్య గలదు. స్త్రీలు బిడ్డలు ఉన్న సభలో అవి చెప్పను. ఆవేశమనిరి గదా: తగవు జరిగినది సాయంకాలము, కొట్టినది రాత్రి పదిగంటలకు. నడుమ నలుగురును ఇండ్లకుబోయి భోజనము చేసి వచ్చిరి. సాక్షి చెప్పిన యొక మాట మాత్రము చెప్పెదను. కొట్టుచున్నవారు మొదట కులము పేరెత్తి, పిమ్మట "మా గట్టు దిగరా" అని మాటిమాటికి అఱచిరట. అప్పటికి వాడు గట్టుమీద లేడు, పుంతలో పడియుండెను. ఇది చదువునపుడు నాకు ఒలేతాలోని పానశాల కనులకు గట్టినది.

ఇంతవఱకు ఓపికతో వింటిరి. ఇక కోపము వచ్చు మాట. నిన్న సాయంకాలము భోజనశాల వెలుపల, తాంబూలముల బల్ల ప్రక్కన, క్రొత్త విన్నపముపై సంతకములు తీసికొనుచుండిరి. మొదటి విన్నపము చెల్లనందున ఇది రెండవది. ఒక యువకుడు నాకును కలమందించి, "మాస్టారూ, మీది పైన ఉండాలండి" అనెను. వాని తప్పేమియు లేదు, నేను నేర్పిన మర్యాదయే.

కరుణ చూపుట తప్పా యని మీరడుగవచ్చును. తప్పు కాదు. బైర్డు కుమారుని మాట జ్ఞాపకముంచుకొనుడంటిని. తండ్రిని పోగొట్టుకొన్నవాడు హంతకుని ప్రాణము నిలుపుమని కోరెను. అది కరుణ. మనము మన యిండ్లలో గూర్చుండి, చచ్చినవాని తండ్రిని ఒక్క మాట యడుగక, మనవారిని విడువుమని కోరుటకు ఆ పేరు చాలదు. ఆ గుడిసెకు మనలో నొక్కడైనను పోయెనా? నేను పోలేదు. ఇపుడు పోయివచ్చితిని, గత మాసమున. ఏమి మాటలాడితిమో ఇచట చెప్పుట వారికి న్యాయము కాదు. విన్నపము మాట నే నెత్తలేదు.

జెయిలులో నున్నవారి భార్యాబిడ్డల గతి యేమనెదరు? వారు మనవారే, నిరపరాధులు. వారి పిల్లల బడిజీతములకు నేను చందా నిచ్చుచున్నాను, ఇకముందును ఇత్తును. నిధికి ఆ పేరు పెట్టుడు, మొదట నా విరాళము వ్రాసికొనుడు. కాని ఆ నిధికిని ఈ విన్నపమునకును సంబంధము లేదు.

పెద్దల కొక సంగతి మనవి చేయవలయును. ఈ నగరముననే 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగముపంతులుగారు మొదటి వితంతు వివాహము చేయించిరి. ఆ పెండ్లికి పోయినవారిని, భోజనము చేసినవారిని కులమువారు వెలివేసిరి. ఆయన కులము వేఱు, మన కులము వేఱని తప్పించుకొనవలదు. ప్రతి కులమునకును అట్టి పంచాయతీ యుండెను, మనకును ఉండెను. పెండ్లి చేసినందులకు వెలివేసిన కులసభలు నూఱు చూపగలను. చంపినందులకు వెలివేసిన కులసభ నొకదానిని మీరు చూపుడు. నేను వెలివేయుమని కోరుటలేదు, ఆ విద్య మనకు వలదు. ఆ బలమున నూఱవవంతు చాలు.

నేటి మధ్యాహ్నము తీర్మానముల సంఘము కూడునపుడు ఒక చిన్న తీర్మానమును ప్రతిపాదింపబోవుచున్నాను. దళితుల హత్యలోగాని హింసలోగాని శిక్షపడిన మనవారి పక్షమున మన సంఘము పేరిట, సంఘపు సభలలోగాని సంతకములు సేకరింపరాదు, చందాలు వసూలు చేయరాదు. అప్పీలు చేయుట వారి హక్కు, వకీలును బెట్టుకొనుట వారి హక్కు. వారి బంధువులు సహాయము చేయుట వారి యిష్టము. సంఘముద్ర దానిపై పడరాదు. కొందఱు మిత్రులు ఇది సంఘమును చీల్చునని నాతో నిన్న రాత్రి వాదించిరి. ఓడిపోవచ్చును. ఓట్ల లెక్క నా కనుకూలముగా లేదని తెలియును. చేతులెత్తి లెక్కింపవలెననియు, లెక్కను మినిట్సులో వ్రాయవలెననియు మాత్రము పట్టుబట్టుదును. 2018 నాటి ఆ రెండు తీర్మానముల క్రింద ఇదియు నుండవలయును.

నా పాత సంతకమును ఉపసంహరించుకొనుచు ప్రభుత్వమునకు వ్రాసిన జాబు ప్రతిని, తీర్పు నకలును, దానికి నేను చేసిన తెలుగును కార్యదర్శిగారి బల్లమీద నుంచితిని. తెలుగు 58 పుటలైనది. క్రొత్త విన్నపముపై ఇదివఱకే సంతకము చేసినవారు భోజనములకు ముందు వచ్చి చదువవచ్చును. రెండు ప్రతులే యున్నవి గనుక, ఒకరు చదివి మఱియొకరి కీయగోరెదను. విన్నపపు కాగితములు నేటి సాయంకాలము అయిదు గంటలవఱకు తాంబూలముల బల్లయొద్దనే యుండునని దానిని నడపుచున్న యువకులు నాకు మాట యిచ్చిరి. పేరు కొట్టివేయదలచినవారికి కలము వారే యిత్తురు.